ముందు మీ మాస్కు, తర్వాతే పక్కవాళ్లది

మా ఊరు మడికొండ సముద్ర మట్టానికి వెయ్యి అడుగుల ఎత్తు కూడా ఉండదు. ఇక్కడివాళ్లు శంషాబాద్ వెళ్లి విమానమెక్కితే అరగంటలో 35 వేల అడుగుల మీద ఉంటారు. అక్కడ బయటి గాలి పీడనం నేల మీద ఉన్నదాంట్లో నాలుగో వంతు. చలి మైనస్ 54 డిగ్రీలు. లోపల మాత్రం ఊటీలో కూర్చున్నంత గాలి ఉంటుంది.

* ఆ గాలి చాలా విమానాల్లో ఇంజిన్‌ నుంచే వస్తుంది. ఇంజిన్ లోపల ఒత్తిడికి గురైన గాలిలో కొంత, ఇంధనం కలవకముందే పక్కకు తీసి, చల్లార్చి క్యాబిన్‌లోకి పంపుతారు. దీని పేరు బ్లీడ్ ఎయిర్.

* 2018 సెప్టెంబరు 20న ముంబై నుంచి జైపూర్ బయల్దేరిన జెట్ ఎయిర్‌వేస్ విమానంలో సిబ్బంది ఆ గాలిని పంపే స్విచ్ వేయడం మరిచిపోయారు. 166 మంది ప్రయాణికుల్లో సుమారు 30 మందికి ముక్కుల్లోంచి, చెవుల్లోంచి రక్తం కారింది. విమానం వెనక్కి తిరిగి ముంబైలో క్షేమంగా దిగింది.

* 2005 ఆగస్టు 14న సైప్రస్ నుంచి ఏథెన్స్ వెళ్తున్న హీలియోస్ విమానానికి ఆ అదృష్టం లేదు. రాత్రి మరమ్మతుల్లో మాన్యువల్‌కు తిప్పిన పీడనం స్విచ్ అలాగే ఉండిపోయింది. పైకెళ్తుంటే హారన్ మోగింది. టేకాఫ్ లోపాలకు మోగేదీ ఆ హారనే కాబట్టి పైలట్లు పొరబడ్డారు. కాసేపటికి స్పృహ తప్పారు. విమానం ఆటోపైలట్ మీద తిరుగుతూనే ఉంది. చివర్లో ఓ క్యాబిన్ ఉద్యోగి కాక్‌పిట్‌లోకి వెళ్లి ప్రయత్నించాడు కానీ అప్పటికే ఇంధనం అయిపోతోంది. 121 మందీ చనిపోయారు. ఆక్సిజన్ తగ్గితే నొప్పి తెలియదు, ముందు ఆలోచనే మందగిస్తుంది. అసలు ప్రమాదం అదే.

* 35 వేల అడుగుల దగ్గర ఒక్కసారిగా గాలి పోతే తెలివిగా పనిచేయడానికి మిగిలేది 15 నుంచి 30 సెకన్లు. అందుకే పైలట్ మాస్కు ఒంటిచేత్తో 5 సెకన్లలో తగిలేలా ఉంటుంది. మాస్కు పెట్టుకున్నాకే మాట, ఆ తర్వాత విమానాన్ని 10 వేల అడుగులకు దించడం. ఆ దిగుడులో విమానం కూలిపోతోందని ప్రయాణికులు హడలిపోతారు. నిజానికి ప్రాణాలు కాపాడేది ఆ దిగుడే.

* చాలా విమానాల్లో మన మాస్కుల కోసం తలపైన సిలిండర్ ఉండదు, రసాయనం ఉంటుంది. మాస్కును గట్టిగా లాగితేనే చర్య మొదలై ఆక్సిజన్ పుడుతుంది. ఆ చర్యలో పుట్టే వేడికి కాలిన వాసన రావచ్చు. సంచి ఉబ్బకపోయినా ఆక్సిజన్ వస్తూనే ఉంటుంది. సుమారు 12 నిమిషాలు వస్తుంది. కిందికి దిగేందుకు అది చాలు.

* ఆ సమయంలో ఎయిర్‌హోస్టెస్ మన దగ్గరికి రాకుండా దొరికిన సీట్లో కూర్చుని మాస్కు పెట్టుకుంటే కోప్పడకండి. ఆమెకు నేర్పిందే అది. ఆమె స్పృహలో ఉంటేనే తర్వాత మనల్ని చూసుకోగలదు. తల్లికీ బిడ్డకీ అదే వరస.

అమెరికాలో పిల్లల దగ్గరికి మొదటిసారి వెళ్తున్న అమ్మానాన్నలకు విమానంలో చెప్పే ఇంగ్లిష్ అర్థం కాకపోవచ్చు. మాస్కు సంగతి ఇంట్లోనే, తెలుగులో, చేసి చూపించి పంపండి.