సేవచేయువారికి తోడెవ్వరు?

మధ్యాహ్న భోజనము ముగిసి అరగంటయైన గడువదు. ఇంటి పెద్దావిడ వీధి అరుగుపై కూర్చుండి, దారిని పోవువారిని పిలిచి, “కోడలు నాకింత ముద్దయైనను పెట్టలేదు నాయనా!” అని చెప్పుకొనును. లోపల కంచము కడుగుచున్న కోడలు ఆ మాట వినును. అత్తగారు అబద్ధమాడుట లేదు. తిన్న సంగతి ఆమె మనస్సున నిలువలేదు. కాని విన్నవారికది తెలియదు. సాయంకాలమునకు ఆ మాట వీధి కొసకు చేరును. రెండు దినములకు పొరుగూరనున్న ఆడబిడ్డ చెవిని పడును. జబ్బు అత్తగారిది; నింద కోడలిది.

డిమెన్షియా అను ఈ మతిమరపు జబ్బు ముసలితనమున అందరికిని కలుగు మరపువంటిది కాదు. మెదడులోని కణములు క్రమముగా చెడుటవలన జ్ఞాపకము, మాట, వివేచన సన్నగిల్లును. దీనికి మూలమైన వ్యాధులలో ఎక్కువగా కనబడునది అల్జైమర్స్ వ్యాధి. 2023లో ప్రచురింపబడిన జాతీయస్థాయి అధ్యయనము ననుసరించి మన దేశమున 60 ఏండ్లు నిండినవారిలో నూటికి 7.4 వంతున, అనగా సుమారు 88 లక్షలమందికి ఈ స్థితి కలదు. కొన్ని మందులు లక్షణములను కొంతకాలము తగ్గించును. మరికొన్ని తొలిదశలో జబ్బు నడకను కొంత మందగింపజేయును. పూర్తిగా నయముచేయు మందు లేదు. కావున భారమంతయు ఇంటిలోని భార్యపైననో, కుమార్తెపైననో, కోడలిపైననో పడును. రోగి రాత్రివేళ లేచి తలుపు తీయును. పగలు అడిగిన ప్రశ్ననే పదిమారులు అడుగును. 1981లో నాన్సీ మేస్, పీటర్ రాబిన్స్ అను అమెరికనులు ఇట్టి కుటుంబములకై వ్రాసిన గ్రంథమునకు “36 గంటల దినము” అని పేరు పెట్టుట ఊరక కాదు.

మరి ఆ సేవచేయువారికి సేవ యెవరు చేయవలెను? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు న్యూయార్క్ విశ్వవిద్యాలయమున మేరీ మిట్టెల్‌మన్, ఆమె సహచరులు 1987లో ఒక పరిశోధన ఆరంభించిరి. కాలక్రమమున 406 మంది అందులో చేరిరి. అందరును రోగుల భర్తలో, భార్యలో. వీరిలో సగముమందికి కౌన్సెలింగు ఏర్పాటు చేసిరి. ఆరుమారులు జరిగిన ఆ సమావేశములలో రెండు మాత్రమే సేవచేయువారితో ఏకాంతముగా జరిగినవి; తక్కిన నాలుగింటికి బంధువులను గూడ పిలిపించిరి. పిమ్మట తమవంటివారితో కలిసి మాటలాడుకొను బృందములలో చేర్చిరి. అవసరము వచ్చినపుడు ఫోనులో సలహా పొందు వీలు కల్పించిరి. 2006లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, ఈ సాయము పొందిన ఇండ్లలోని రోగులు తక్కినవారికంటె సుమారు 557 దినములు ఆలస్యముగా నర్సింగ్ హోములకు చేరిరి. సేవచేయువారికి బంధువుల ఆదరణ దొరకుట, రోగి వింత చేష్టలను ఓర్చుకొను నేర్పు అలవడుట, దిగులు తగ్గుట, ఈ మూడును కలిసి ఆ మేలులో సగమునకు పైగా కారణములని తేలినది.

ధనికదేశమున పట్టభద్రులైన నిపుణులు చేసిన పని మన పల్లెలలో సాగునా యని సందేహము రావచ్చును. దానికి గోవా సమాధానము చెప్పినది. అమిత్ డయాస్, ఆయన సహచరులు అచటి తిస్వాడి, బార్దేజ్ తాలూకాలలో 81 కుటుంబములతో చేసిన పరిశోధన 2008లో వెలువడినది. ఇంటింటికి వెళ్ళినవారు వైద్యులు కారు. హైయర్ సెకండరీ చదువు ముగించి, కొంకణి మాటలాడగల సామాన్యులు. వారికి కొద్దిపాటి శిక్షణ నిచ్చి పంపిరి. ఆరునెలలపాటు వారు ఇండ్లకు వెళ్ళుచు, జబ్బు స్వభావమును విడమరచి చెప్పిరి; రోగితో మెలగు తీరు నేర్పిరి; అవసరమైనచో వైద్యుని చూపించిరి. రోగుల ప్రవర్తనలో చెప్పుకోదగిన మార్పు రుజువు కాలేదు. అయినను దానిని చూచి ఇంటివారు పడు వేదన తగ్గినది. వారి మనస్సు కుదుటపడినది.

ఆ నేర్పు గొప్ప విద్య యేమియు కాదు. “ఇప్పుడే తింటివి గదా!” అని వాదించిన పోరు పెరుగును, “అలాగే అత్తయ్యా, తెచ్చెదను” అని రెండు అరటిపండు ముక్కలు చేతిలో పెట్టిన శాంతించును. ఉన్న ఇంటిలోనే యుండి “మా ఇంటికి పోయెద” ననువారిని నాలుగడుగులు నడిపించి తీసికొనిరావచ్చును. వస్తువు పోయినదని నిందించినపుడు ప్రతివాదము మాని, కలిసి వెదకుట మేలు. అన్నిటికంటె ముఖ్యము, విసుగు వచ్చుట పాపము కాదని సేవచేయువారితో ఎవరో ఒకరు చెప్పుట. దూరముననున్న ఆడబిడ్డ వచ్చి తల్లితో ఒంటరిగా రెండు దినములు గడపినచో, వదినెగారికి అంతవరకు పడిన నింద తనంత తానే తొలగును.

సలహా కోరువారికి ద్వారములు లేకపోలేదు. ఇట్టి కుటుంబములకై 1992లో కేరళమున ఆరంభమైన అల్జైమర్స్ సంఘమునకు హైదరాబాదులోను శాఖ యేర్పడినది. వృద్ధుల కొరకు 14567 అను ఉచిత టెలిఫోను సేవ కలదు. కాని అన్నిటికంటె దగ్గరిది పొరుగిల్లు. గోవాలో ఆ పని చేసినవారి చదువు మన కళాశాల విద్యార్థుల చదువును మించినది కాదు. తరగతిలో కునుకుపాట్లు పడు బాలుడు రాత్రి తాతగారి వెంట మేలుకొనియుండెనేమోయని విచారింపగల ఉపాధ్యాయుడును, సాయంకాలము ఒక గంట అవ్వ చెంత కూర్చుండగల మనుమరాలును ఈ సేవలో భాగస్వాములే.

అరుగుపైనున్న పెద్దావిడ మరల పిలిచినపుడు, సంగతి తెలిసిన బాటసారి ఆ మాటను వీధి కొసకు మోసికొనిపోడు. “అయ్యో, అలాగా అవ్వా!” అని ప్రక్కన కూర్చుండి, ఆమె పుట్టినూరి ముచ్చట లడుగును. లోపల కోడలు అరగంటసేపు నడుము వాల్చును.