బావినీటిలో పెట్రోలు

ఖమ్మము నుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలపు అడవులకు పోవు బాట ప్రక్కన పెట్రోలు బంకులు కలవు; ఆ ప్రాంతమున బావినీరు త్రాగువారును కలరు. భూమిలోని ఇనుప ట్యాంకు తుప్పుపట్టి కారినచో, పెట్రోలు మట్టిలోనికి దిగి, నీటికన్న తేలికగుటచే భూగర్భజలముపై తేలును. తేలినదానిని తోడివేయవచ్చును. కాని అందలి బెంజీను కొంత నీట కరగును. అది క్యాన్సరు కారకము; త్రాగునీటిలో లీటరుకు 10 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన.

కాచి త్రాగిన చాలునని కొందరందురు. చాలదని మేము నొక్కి చెప్పుచున్నాము. కాచునపుడు బెంజీను ఆవిరియై వంటయింట నిండును. పెట్రోలు వాసన తోచిన బావిని వెంటనే విడువవలెను. దాపున దీపము వెలిగింపరాదు.

ముందు ట్యాంకును ఖాళీ చేసి, పిదప మట్టిలోని ఆవిరిని యంత్రముతో పీల్చుదురు. మిగిలినదానిని నేలలోని సూక్ష్మజీవులే తినును. వానికి గాలి, నత్రజని, భాస్వరము అందింపవలెను. 1972లో అమెరికాలోని ఆంబ్లరు వద్ద గొట్టము నుండి కారిన పెట్రోలుపై రేమండ్ ఈ పద్ధతినే ప్రయోగించెను.