ఎయిర్‌సాఫ్ట్ గన్ కొనే ముందు స్పెక్ షీట్ కాదు, చట్టం చదవండి

పోయిన వేసవిలో ఒక ఆదివారం. మా ఫ్లాట్ బాల్కనీలో కూర్చుని నా ఎయిర్ రైఫిల్‌కి కొత్త స్కోప్ బిగిస్తున్నాను. లోపల పెల్లెట్ లేదు, స్ప్రింగ్ లాగలేదు. క్రాస్‌హెయిర్ నిటారుగా ఉందో లేదో చూద్దామని ఒకసారి భుజానికి ఆనించి ఎదురుగా ఉన్న గోడ వైపు చూశాను. అంతే. పది నిమిషాల్లో అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో మెసేజ్: "బీ బ్లాక్ థర్డ్ ఫ్లోర్‌లో ఎవరో గన్ పట్టుకుని ఉన్నారు, ఎవరైనా చూశారా?" ఇంకో అరగంటకి వాచ్‌మెన్‌తో పాటు ఇద్దరు కానిస్టేబుళ్ళు మా తలుపు దగ్గర.

"ఏంది తమ్మీ, లైసెన్స్ ఉందా?"

"దీనికి అక్కర్లేదు సార్, ఎయిర్ గన్" అన్నాను. గొంతు మాత్రం నాది కాదు. నన్ను కాపాడింది నా వాదన కాదు, దుకాణం బిల్లు. దాని మీద క్యాలిబర్ .177 అని ప్రింట్ అయి ఉంది. పెద్ద కానిస్టేబుల్ బిల్లు ఫోటో తీసుకుని, "బాల్కనీలో పట్టుకోకు, జనం భయపడతరు" అని వెళ్ళిపోయారు. ఆయన చెప్పింది నిజమే.

ఆ రోజు నాకు అర్థమైన విషయం ఏంటంటే, ఇలాంటి గన్‌ని మూడు రకాలుగా కొలవొచ్చు. ఎంత బలంగా కొడుతుంది, ఎంత లావు గుండు కొడుతుంది, చూడటానికి ఎలా ఉంది. ఒక్కో దేశం ఒక్కో కొలత పట్టుకుంది. ఏది పట్టుకుందో దాన్ని బట్టే అక్కడ ఏ ఆట బతికింది, ఏది బతకలేదు అన్నది తేలింది.

ముందు జూల్స్ సంగతి

ఫోన్‌కి ఎంఏహెచ్ ఎలాగో ఈ గన్స్‌కి జూల్ అలాగ. గుండు బరువులో సగాన్ని వేగం వర్గంతో గుణిస్తే వచ్చేదే. ఇంటర్ ఫిజిక్సే, భయపడక్కర్లేదు. ఎయిర్‌సాఫ్ట్‌లో వాడే 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండుని బీబీ అంటారు. మామూలు బీబీ బరువు 0.2 గ్రాములు. అది సెకనుకి 99 మీటర్ల వేగంతో వెళ్తే ఎనర్జీ 0.98 జూల్. గన్ బాక్సుల మీద వేసే లెక్కలో అయితే 325 ఎఫ్‌పీఎస్.

0.98 జూల్ అంటే ఎంత? మీ 200 గ్రాముల ఫోన్ మీటరు ఎత్తు నుంచి కింద పడితే నేలని తాకేటప్పుడు దాని ఎనర్జీ దాదాపు 2 జూల్స్. అంటే అందులో సగం. ఇంకో పోలిక: మన సిరాజ్ 140 కిలోమీటర్ల వేగంతో వేసే బంతిలో 120 జూల్స్ ఉంటాయి. లైసెన్స్ లేకుండా ఇండియాలో దొరికే ఎయిర్ రైఫిల్‌కి పరిమితి 20 జూల్స్ మాత్రమే.

మరి బంతి కంటే పెల్లెట్ ఎందుకు ప్రమాదం? ఎనర్జీ మొత్తం ఎంత చిన్న చోట దిగుతుందన్నదే అసలు లెక్క. ఈ పాయింట్ని చట్టంలోనే రాసుకున్న దేశం జపాన్.

నిజం తుపాకీ దొరకని చోట పుట్టిన ఆట

జపాన్‌లో 1958 నుంచి తుపాకులు, కత్తుల నియంత్రణ చట్టం ఉంది. మామూలు మనిషికి పిస్టల్ అనేది ఊహకే అందదు. కానీ ఇష్టం చావదు కదా. బొమ్మ తయారీదారులు ఆ ఖాళీలోకి వచ్చారు. ప్లాస్టిక్ బీబీలు కొట్టే గన్స్ అక్కడే మొదలయ్యాయి. 1991లో టోక్యో మరూయ్ కంపెనీ ఫమాస్ రైఫిల్ మోడల్‌ని బ్యాటరీ, మోటార్, గేర్‌బాక్స్‌తో తెచ్చింది. ఇవాళ ప్రపంచం మొత్తం ఎలక్ట్రిక్ ఎయిర్‌సాఫ్ట్ గన్ అంటున్నది ఆ డిజైన్ సంతానమే.

2005 ప్రాంతంలో కొందరు గన్స్‌ని మోడిఫై చేసి హైవే మీద వెళ్ళే కార్లను కొట్టారు. దాంతో 2006లో చట్టం మార్చారు. అందులో నాకు నచ్చిన విషయం, వాళ్ళు ఉత్త జూల్స్ పెట్టలేదు. చదరపు సెంటీమీటరుకి 3.5 జూల్స్ అని పెట్టారు. 6 మిల్లీమీటర్ల గుండు ముఖం వైశాల్యంతో గుణిస్తే 0.989 జూల్ వస్తుంది. అందుకే జపాన్ మార్కెట్ గన్స్ అన్నీ 0.98 దగ్గర ఆగిపోతాయి. ఈ చట్టం రాసినవాళ్ళలో ఇంజనీర్ ఎవరో కచ్చితంగా ఉండి ఉంటారు.

ఇంకో సరదా విషయం. టోక్యో మరూయ్ పిస్టల్స్ ఇంత ఖరీదు పెట్టి కొంటే స్లయిడ్ ప్లాస్టిక్ ఏంటి, మెటల్ ఎందుకు కాదు అని రివ్యూలలో గొడవ చేస్తుంటారు. కంపెనీ పిసినారితనం కాదది. లోహంతో చేసిన నకిలీ పిస్టల్స్‌కి తెలుపు లేదా పసుపు రంగు ఉండాలని 1971 నుంచి అక్కడ నిబంధన ఉంది. నల్లగా, అసలు దానిలా కనపడాలంటే ప్లాస్టిక్కే దారి. బిల్డ్ క్వాలిటీ అని మనం తిట్టేది నిజానికి చట్టం.

క్రోనోగ్రాఫ్: గేటు దగ్గర కూర్చునే న్యాయమూర్తి

ఎయిర్‌సాఫ్ట్ ఫీల్డ్ ఎక్కడైనా సరే, లోపలికి వెళ్ళే ముందు గన్‌ని క్రోనోగ్రాఫ్ ముందు పెట్టాలి. చిన్న గొట్టం, అందులో రెండు ఆప్టికల్ సెన్సార్లు, ఒక మైక్రోకంట్రోలర్. గుండు మొదటి సెన్సార్ దాటి రెండోది దాటడానికి పట్టిన సమయాన్ని కొలుస్తుంది. సెన్సార్ల మధ్య 10 సెంటీమీటర్లు ఉంటే, 99 మీటర్ల వేగానికి దాదాపు ఒక మిల్లీసెకను. ఆర్డినోతో వీకెండ్ ప్రాజెక్టుగా చేసుకోవచ్చు, నేను చేశాను కూడా. రీడింగ్ మాత్రం మధ్యాహ్నం ఎండలో పిచ్చిపిచ్చిగా వస్తుంది.

ఇక్కడే ఒక మోసం ఉంది. కొన్ని గ్యాస్ గన్స్‌లో బరువైన బీబీ వేస్తే వేగం తగ్గాల్సినంత తగ్గదు. ఎందుకంటే బరువు గుండు బారెల్‌లో ఎక్కువసేపు ఉంటుంది, వెనకాల గ్యాస్ ఎక్కువసేపు తోస్తుంది. 0.2 గ్రాములతో టెస్ట్ పాసై, లోపలికెళ్ళి 0.32 వేసుకుంటే జూల్స్ పెరుగుతాయి. దీన్నే జూల్ క్రీప్ అంటారు. అందుకే మంచి ఫీల్డుల వాళ్ళు ఎఫ్‌పీఎస్ అడగరు, ఆటలో వాడే బీబీతోనే జూల్స్ చూస్తారు. ఫోన్లలో మెగాపిక్సెల్స్ చూసి కెమెరా కొన్నట్టే ఎఫ్‌పీఎస్ చూసి గన్ కొనడం.

బ్రిటన్ ఈ అంకెలను నేరుగా చట్టంలోనే పెట్టింది. 2017లో వచ్చిన చట్టం ప్రకారం ఆటోమేటిక్ ఎయిర్‌సాఫ్ట్ గన్‌కి 1.3 జూల్, సింగిల్ షాట్‌కి 2.5 జూల్ హద్దు. అది దాటితే ఎయిర్‌సాఫ్ట్‌గా లెక్కలోకి రాదు, తుపాకుల చట్టం కిందికి పోతుంది.

బలం కాదు, వేషం చూసే చట్టాలు

కానీ బ్రిటన్ అక్కడితో ఆగలేదు. 2006 చట్టంతో, అసలు తుపాకీలా కనపడే నకిలీని అమ్మడం, దిగుమతి చేసుకోవడం నేరం చేసింది. ఎయిర్‌సాఫ్ట్ ఆడేవాళ్ళకి మినహాయింపు ఉంది. అది వాడుకోవాలంటే మీరు నిజంగా ఆడేవాళ్ళని షాపుకి నమ్మకం కుదరాలి. అందుకు అక్కడ యూకారా అనే రిజిస్ట్రేషన్ నడుస్తోంది: ఇన్సూరెన్స్ ఉన్న సైట్‌లో కనీసం 56 రోజుల వ్యవధిలో మూడుసార్లు ఆడి ఉండాలి. అప్పటిదాకా కొత్తవాళ్ళకి దొరికేది సగానికి పైగా నీలం, ఆకుపచ్చ, నారింజ లాంటి రంగు వేసిన టూ టోన్ గన్. బర్మింగ్‌హామ్‌లో మాస్టర్స్ చేస్తున్న నా బీటెక్ ఫ్రెండ్ అలాంటి నీలం రైఫిల్‌తోనే రెండు నెలలు ఆడాడు. "రేయ్, హోలీకి వచ్చినట్టుంది" అని వాడి బాధ.

నవ్వుకోవచ్చు గానీ, ఈ రంగు వెనకాల ఉన్న కారణం నవ్వేది కాదు. అమెరికాలో నకిలీ గన్ గొట్టం చివర నారింజ రంగు తప్పనిసరి అని ఫెడరల్ నిబంధన ఉంది. 2014 నవంబర్ 22న క్లీవ్‌లాండ్‌లో టామిర్ రైస్ అనే 12 ఏళ్ళ పిల్లాడు పార్కులో ఎయిర్‌సాఫ్ట్ పిస్టల్‌తో ఆడుకుంటున్నాడు. దానికి ఆ నారింజ చివర లేదు. పోలీసు కారు వచ్చి ఆగిన రెండు సెకన్లలోపే కాల్చేశారు. మర్నాడు చనిపోయాడు. ఆ బొమ్మ ఎన్ని జూల్స్ కొడుతుందన్నది అక్కడ ఎవరికీ పట్టని సంగతి.

నా బాల్కనీ కథలో నాకు దక్కింది మందలింపు. దేశం మారితే అదే కథ ఎటు పోయేదో అని ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆస్ట్రేలియాది ఇంకో తమాషా. నీళ్ళలో నానబెట్టిన జెల్ గుళ్ళు కొట్టే జెల్ బ్లాస్టర్లు క్వీన్స్‌లాండ్‌లో బొమ్మలుగా అమ్ముడుపోతున్న రోజుల్లోనే, 2020 అక్టోబర్‌లో సౌత్ ఆస్ట్రేలియా వాటిని తుపాకుల జాబితాలో వేసింది. బ్రిస్బేన్‌లో బర్త్‌డే గిఫ్ట్, అడిలైడ్‌లో లైసెన్స్ కేసు.

ఇక మన దగ్గర

మన ఆయుధాల చట్టం 1959 నాటిది. అందులో ఫైర్‌ఆర్మ్ అంటే మందుగుండుతో గానీ "ఇతర రూపాల శక్తి"తో గానీ ఏదైనా గుండుని విసిరే ఆయుధం అన్న అర్థంలో నిర్వచనం ఉంది. గాలి కూడా ఇతర శక్తే, స్ప్రింగూ అంతే. ఇంకోవైపు, బొమ్మగా తప్ప ఇంకెందుకూ పనికిరానివి, అసలు ఆయుధంగా మార్చలేనివి ఆయుధాలు కావు అని కూడా అదే చట్టం అంటుంది. ఈ రెండు వాక్యాల మధ్యనే మన హాబీ మొత్తం ఊగుతోంది.

ఎయిర్ గన్స్ విషయంలో 2016 ఆయుధ నియమాలు గీత గీశాయి. మజిల్ ఎనర్జీ 20 జూల్స్ దాటకూడదు, బోర్ .177, అంటే 4.5 మిల్లీమీటర్లు దాటకూడదు. రెండిటికీ లోబడితే లైసెన్స్ అక్కర్లేదు. అర గ్రాము పెల్లెట్‌కి 20 జూల్స్ అంటే దాదాపు 283 మీటర్ల వేగం, 928 ఎఫ్‌పీఎస్. బాక్సు మీద వెయ్యికి పైగా ఎఫ్‌పీఎస్ అని గొప్పలు చూస్తే తుపాకీ రాముడి కబుర్లు గుర్తు తెచ్చుకోండి, లేదా ఏ బరువు పెల్లెట్‌తో కొలిచారో అడగండి.

ఈ గీత మనకి మేలే చేసింది. ఒలింపిక్స్ 10 మీటర్ల ఈవెంట్లు ఆడేది 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్‌తోనే. మ్యాచ్ రైఫిల్స్ సాధారణంగా 7.5 జూల్స్ దగ్గర ఉంటాయి, జర్మనీలో లైసెన్స్ లేకుండా అమ్మడానికి హద్దు అదే కాబట్టి. మన 20లో అది హాయిగా ఇమిడిపోతుంది. 2012 లండన్‌లో గగన్ నారంగ్ కాంస్యం తెచ్చింది, 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ వెండి తెచ్చింది ఈ పది మీటర్ల ఎయిర్ ఈవెంట్లలోనే. గోడకి టార్గెట్, వెనకాల పెల్లెట్ ట్రాప్, పొడవాటి హాలు ఉంటే ప్రాక్టీస్ మొదలవుతుంది. నుమాయిష్‌లో బెలూన్లు కొట్టిన ప్రతివాడూ ఈ ఆటలో మొదటి మెట్టు ఎక్కినవాడే.

ఎయిర్‌సాఫ్ట్ దగ్గరకొచ్చేసరికి అదే గీత అడ్డం తిరిగింది. బీబీ సైజు 6 మిల్లీమీటర్లు. నియమాన్ని అక్షరాలా చదివితే, ఒక జూల్ కొట్టే ఎయిర్‌సాఫ్ట్ పిస్టల్ బోర్ దగ్గరే ఫెయిల్. దానికి ఇరవై రెట్లు కొట్టే ఎయిర్ రైఫిల్ మాత్రం పాస్! గుండు లావుగా ఉండటం వల్ల దెబ్బ తగ్గుతుందని జపాన్ లెక్క, లావుగా ఉంటే లైసెన్స్ అని మన లెక్క. 4.5 కన్నా పెద్ద పెల్లెట్ గన్స్‌ని ఆపడానికి రాసిన నిబంధన ఇది. ప్లాస్టిక్ బీబీ మధ్యలో ఇరుక్కుంది.

అలాగని ఆ 20 జూల్స్ ఆటబొమ్మ అనుకోవద్దు. పిట్టని చంపడానికి అది చాలా ఎక్కువ, వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం అది వేట. అరుణాచల్ ప్రదేశ్‌లో 2021లో ఎయిర్ గన్ సరెండర్ కార్యక్రమం పెట్టి జనం దగ్గర నుంచి గన్స్ వెనక్కి తీసుకున్నారు, పక్షుల కోసమే. ఎయిర్ గన్ కొన్నాక ఊళ్ళో మామిడితోటలోకి తీసుకెళ్ళాలనే సరదా మీకుంటే దయచేసి కొనకండి.

"తెచ్చుకోవచ్చా బ్రో?"

ఇదంతా తవ్వడానికి ఇంకో కారణం, డల్లాస్‌లో ఆన్‌సైట్‌లో ఉన్న మా కొలీగ్ మెసేజ్. గ్యాస్ బ్లోబ్యాక్ పిస్టల్ కొన్నాడు. చెకిన్ లగేజీలో తెచ్చుకోవచ్చా అని అడిగాడు. కస్టమ్స్ టారిఫ్‌లో బొమ్మలు 9503లో ఉంటాయి. స్ప్రింగ్, గాలి, గ్యాస్ గన్స్ 9304లో, అసలు ఆయుధాలున్న 93వ అధ్యాయంలోనే. మీ పెట్టెలో ఉన్నది ఏ నంబర్ అన్నది ఎయిర్‌పోర్టులో ఎక్స్‌రే చూసిన అధికారి తేలుస్తారు, మీరు కాదు. అక్కడ జూల్స్ లెక్క చెప్తూ నిలబడే ఓపిక మీకు ఉండొచ్చు గానీ, మీ కోసం అరైవల్స్ దగ్గర ఎదురుచూస్తున్న అమ్మానాన్నలకి ఉండదు.

వద్దని చెప్పాను. వాడి గన్ ఇప్పుడు డల్లాస్‌లో వాళ్ళ అక్కా బావల ఇంటి గ్యారేజ్‌లో ఉంది. ఇక్కడికొచ్చాక నాతో పాటు షాపుకొచ్చి, ఐడీ కాపీ ఇచ్చి, ఇండియాలో తయారైన .177 స్ప్రింగ్ రైఫిల్ ఒకటి తీసుకున్నాడు. దాని రివ్యూ వచ్చే వారం పెడతాను. బిల్లు మాత్రం వాడు లామినేట్ చేయించి గన్ కవర్‌లోనే పెట్టుకున్నాడు, నా సలహా మీద.