స్వప్నమున జాగరణము: స్పందశాస్త్ర దృష్టి

జోగుళాంబ యనగా యోగుల అమ్మ యని ఆలంపురమున వాడుక. తుంగభద్రాతీరమున బాదామి చాళుక్యుల కాలపు నవబ్రహ్మాలయములు, తరువాత నచట నెలకొన్న కాలాముఖాచార్యులు ఈ క్షేత్రమును శైవస్థానముగా ప్రసిద్ధము చేసిరి. ఇట్టి చోట, యోగి కలలో సైతము మేలుకొని యుండుట యనగా నేమి యను ప్రశ్న సహజము.

కల గనుట వేరు, కలను కలగా నెరుగుట వేరు. పతంజలి యోగసూత్రము (1-38) స్వప్ననిద్రాజ్ఞానమును చిత్తస్థైర్యమునకు ఆలంబనముగా నంగీకరించినది. కాశ్మీరశైవ మింకను లోతునకు పోయినది. స్పందకారికల తృతీయ నిష్యందము ననుసరించి, మధ్యమార్గమున నిలిచిన యోగికి స్వప్నమునను అభీష్టార్థములు స్ఫుటముగా గోచరించును. ఆ యెరుక సడలినచో లౌకికునకు వలెనే జాగ్రత్స్వప్నములు రెండింటను సృష్టి తన యిచ్ఛ వచ్చినట్లు సాగును. అనగా రాత్రి యెరుక పగటి యెరుకకు కొనసాగింపే. విజ్ఞానభైరవము, నిద్ర రాకమునుపు బాహ్యవిషయములు మరుగైన సంధిని ధారణాస్థానముగా చెప్పినది.

గ్రీకుల గ్నోసిస్ శబ్దమును, సంస్కృత జ్ఞానశబ్దమును ఏకమూలజన్యములు. 1945లో ఈజిప్టునందలి నాగ్ హమ్మాదిలో లభించిన గ్రంథములలో నొకటియగు సత్యసువార్త అజ్ఞానమును పీడకలతో పోల్చినది. అందు మేల్కొనగానే కల తొలగును. శైవయోగికి మేల్కొనుటకై కలను విడువ నక్కరలేదు.

అయినను, ఈ స్వప్నస్వాతంత్ర్యము విభూతిప్రకరణమున చెప్పబడుట గమనింపదగినది. కలను వశపరచుకొంటినని గర్వించువానికి కల మారినదే గాని మెలకువ రాలేదు.