సిలువ అడిగిన తల్లి

నవంబరు 2 సమాధుల పండుగ. సమాధులకు సున్నం వేసి, పూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించే రోజు. ఆ వారానికి యుద్ధంలో పోయిన క్రైస్తవ సైనికుల కుటుంబాల మీద ముఖచిత్ర కథనం కావాలన్నారు సంపాదకులు. యుద్ధ వీరగాథల మీద నాకు గురి తక్కువ. అందుకే సేనాపతులను వదిలేసి, ఓ తల్లి పెట్టిన అర్జీ పట్టుకున్నాను.

ఆమె లేడీ ఫ్లోరెన్స్ సెసిల్. ఇంగ్లండులో ఎక్సెటర్ బిషప్‌గారి భార్య. మొదటి ప్రపంచయుద్ధం ఆమె ముగ్గురు కొడుకుల్ని పొట్టనబెట్టుకుంది. 1915లో ఒకడు, 1917లో ఒకడు, 1918లో మరొకడు. 1919లో ఎనిమిది వేలకు పైగా సంతకాలతో వేల్స్ యువరాజుకు ఆమె పంపిన అర్జీలో కోరిక ఒక్కటే: మా పిల్లల సమాధుల మీద పలకరాయి వద్దు, సిలువ నిలబెట్టనివ్వండి. పునరుత్థానాన్ని నమ్మిన ఇంటికి సిలువంటే బిడ్డను మళ్లీ చూస్తామన్న ధైర్యం. చదువుతుంటే ఆ తల్లి పక్షానే నిలబడాలనిపిస్తుంది.

చరిత్ర క్లుప్తంగా: బ్రిటిష్ సామ్రాజ్యపు యుద్ధ సమాధుల కమిషన్ 1917లో పుట్టింది. శవాలను స్వదేశానికి తేకూడదంది. అధికారైనా సిపాయైనా, ఏ మతమైనా, ఒకే తీరు రాయి, 2 అడుగుల 8 అంగుళాల ఎత్తు అంది. కుటుంబం కోరితే ఆ రాతి మీదే సిలువ చెక్కిస్తామంది.

1920 మే 4న గొడవ బ్రిటిష్ పార్లమెంటులోని కామన్స్ సభకెక్కింది. కమిషన్ తరఫున చదివిన ఉత్తరాల్లో రచయిత రడ్యార్డ్ కిప్లింగ్‌ది ఒకటి. ఆయన కొడుకు జాన్ 1915లో లూస్ దగ్గర పోయాడు, అప్పటికి శవం దొరకలేదు. వెళ్లి చూసుకోవడానికి మాకు సమాధే లేదు, మీకు అదైనా ఉందన్నది ఆ ఉత్తరం సారాంశం. ఆ మాటకు ఏ తల్లయినా ఏం జవాబిస్తుంది? కమిషన్ మాటే నెగ్గింది. స్మారక శిలల మీది వాక్యాన్ని సిరాకు గ్రంథం 44వ అధ్యాయం నుంచి ఎంచింది కూడా కిప్లింగే.

సిలువ పోయినా, రాతి అడుగున కుటుంబానికి కాస్త చోటు మిగిలింది. ఖాళీలతో కలిపి 66 అక్షరాలు. అక్షరానికి మూడున్నర పెన్నీలు, అంటే నిండా రాయిస్తే 19 షిల్లింగుల 3 పెన్నీలు. కొడుకునిచ్చిన ఇంటికే బిల్లు పంపడం నాకు మింగుడుపడలేదు. అప్పటివాళ్లకూ పడలేదు, తర్వాత దాన్ని ఇష్టమైతేనే ఇచ్చే చందాగా మార్చారు. కెనడా ప్రభుత్వం తానే భరించింది. న్యూజీలాండైతే అసలు రాతలే వద్దంది. బైబిలు వచనమో, కీర్తన ముక్కో, అమ్మా నాన్నా అన్న సంతకమో, ఆ ఇరుకు చోటులోనే విశ్వాసాన్ని సర్దుకున్నాయి కుటుంబాలు.

సమానత్వం మాటలో కమిషన్‌దే న్యాయం. అక్షరానికి లెక్కగట్టడంలో మాత్రం ముమ్మాటికీ కాదు.

మనకు దగ్గర్లో

చెన్నై నందంబాక్కంలో, మౌంట్-పూనమల్లి రోడ్డు మీద మద్రాసు యుద్ధ శ్మశానం ఉంది. దక్షిణ, తూర్పు భారతంలో చెదిరి ఉన్న రెండో ప్రపంచయుద్ధ సమాధులను ఒకచోట చేర్చడానికి 1952లో ఏర్పాటు చేశారు. మీ ఇంట్లో ఆ రెండు ప్రపంచయుద్ధాలకు వెళ్లి తిరిగిరాని తాతగారెవరైనా ఉంటే, అదే కమిషన్, అంటే నేటి కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్, వెబ్‌సైట్‌లో పేరు వెతకండి. రుసుమేమీ లేదు.