మొక్క లేని వేరు

ఆకు కోసినా, కాయ తెంపినా మొక్క మళ్ళీ చిగురిస్తుంది గానీ, గుణమంతా వేరులోనే ఉన్న మొక్కకు ఆ వెసులుబాటు లేదు. దాన్ని వాడుకోవడమంటే చాలావరకు పెకలించడమే. శేషాచలం, నల్లమల కొండల్లో రాళ్ళ సందున పెరిగే మారేడు గడ్డల తీగ పరిస్థితి ఇదే. శాస్త్రజ్ఞులు డెకాలెపిస్ హామిల్టోనై అని పిలిచే ఈ తీగ సహజంగా పెరిగేది దక్షిణ భారతంలోనే. నన్నారి షర్బతు నిజానికి సుగంధిపాల వేళ్ళతో చేయవలసినదైనా, అవి సన్నని వేళ్ళు కావడంతో, అదే వాసన గల ఈ లావాటి గడ్డలు కూడా దానికి ముడిసరుకయ్యాయి. గడ్డను విరిచినప్పుడు గుప్పుమనే ఆ పరిమళానికి కారణమైన రసాయనం వెనిలిన్‌కు తోబుట్టువు వంటిది: రెంటిలోనూ ఉన్న పరమాణువులు అవే, అమరిక మాత్రం వేరు. షర్బతుకూ పచ్చళ్ళకూ మందులకూ తవ్వుకుంటూ పోగా, ఈ తీగ అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఎర్ర జాబితాలో అంతరించే ప్రమాదమున్న జాతిగా చేరింది.

మొక్కను చంపకుండా వేరును పొందాలంటే వేరును విడిగా పెంచాలి. అది సాధ్యమేనని 1934లోనే అమెరికాలో ఫిలిప్ వైట్ నిరూపించాడు. కత్తిరించిన టమాటా వేరు కొనలు లవణాలు, చక్కెర, ఈస్టు సారం కలిపిన ద్రవంలో ఆగకుండా పెరుగుతూ పోయాయి. అయితే చాలా మొక్కల వేళ్ళు ఇలా పెంచితే మందకొడిగా పెరుగుతాయి, హార్మోన్లు కోరుతాయి. ఆ లోటును తీర్చినది నేలలో ఉండే అగ్రోబాక్టీరియం రైజోజీన్స్ అనే సూక్ష్మజీవి. గాయపడిన మొక్క కణాల్లోకి ఇది తన జన్యువులు కొన్నింటిని చొప్పించి, ఆ చోట కుచ్చులుగా వేళ్ళు పుట్టిస్తుంది. మొక్కకిది తెగులే గానీ, ప్రయోగశాలవారు ఆ తెగులునే కోరి తెచ్చుకుంటారు.

ఈ బాక్టీరియాలో ముంచిన సూదితో ఆకు ఈనెను గుచ్చితే, కొన్ని వారాల్లో అక్కడ తెల్లని నూగు వేళ్ళు పొడుచుకొస్తాయి. వీటినే పరిభాషలో హెయిరీ రూట్స్ అంటారు. వాటిని కత్తిరించి, యాంటీబయాటిక్‌తో బాక్టీరియాను వదిలించి, పోషకద్రవమున్న గాజు కుప్పెలో వేసి చీకట్లో షేకరుపై ఊగనిస్తే, పైనుంచి హార్మోను ఇవ్వకపోయినా కొమ్మలు వేసుకుంటూ పీచుముద్దలా కుప్పెనంతా అల్లుకుంటాయి. మొక్కల్లో పురుగు దాడికి సంకేతంగా పనిచేసే మిథైల్ జాస్మొనేటును కొద్దిగా కలిపితే, లేని శత్రువుతో పోరాడబోయి వేరు తన రక్షణ రసాయనాలను మరింతగా తయారుచేస్తుంది. మనుషులకు మందులైనవాటిలో చాలామటుకు అవే. అలాగని వేరు అన్నింటినీ చేయలేదు. బిళ్ళగన్నేరు వేళ్ళు కుప్పెలో అజ్మలిసిన్ అనే రసాయనాన్ని ఇస్తాయి గానీ కాన్సరు మందైన విన్‌బ్లాస్టిన్‌ను ఇవ్వవు, ఎందుకంటే దానికి కావలసిన విండోలిన్ పుట్టేది పచ్చని ఆకులో.

కుప్పెలో సులువైన పని పెద్ద ట్యాంకులో చిక్కుముడి అవుతుంది: పెనవేసుకున్న వేళ్ళ నడుమకు ప్రాణవాయువు అందదు, గట్టిగా తిప్పితే అవి తెగిపోతాయి. దక్షిణ కొరియాలో జిన్సెంగు వేళ్ళను, బాక్టీరియాతో పని లేకుండా హార్మోనుతోనే, అడుగునుంచి గాలి బుడగలు పంపే 10,000 లీటర్ల పాత్రల్లో పెంచారు. పొలంలో నాలుగు నుంచి ఆరేళ్ళు పట్టే పంట అలా కొన్ని వారాల్లో చేతికొచ్చింది; సరుకు ఖరీదైనది కనుక ఖర్చు గిట్టింది. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు మారేడు గడ్డల తీగ వేళ్ళను కూడా కుప్పెల్లో పెంచి, అదే పరిమళ ద్రవ్యాన్ని రాబట్టారు. కాకపోతే స్టీలు ట్యాంకు, వడకట్టిన గాలి, పగలూ రాత్రీ కరెంటు, ఇవన్నీ షర్బతు సీసా ధరలో ఇమడడం కష్టం.