కానుక పొట్లము ఎప్పుడు ఉంచుదాము? ఎక్కడ ఉంచుదాము?

(రేడియో వర్తమానము. చదువవలసిన వాక్యభాగములు: లూకా 2:1-20, మత్తయి 2:9-12, నెహెమ్యా 8:9-12, 1 కొరింథీ 11:20-22)



ఈ దినము ఒక చిన్న ప్రశ్నను మీ ముందు ఉంచాలని ఆశపడుతున్నాను. పుప్పాలగూడలోను, చుట్టుపక్కల మణికొండ, నానక్‌రాంగూడలలోను గృహకూటములకు వెళ్లినప్పుడు యౌవనస్థులైన తల్లిదండ్రులు నన్ను ఇలా అడుగుతుంటారు. "అయ్యగారూ, పిల్లల కోసం కొన్న గిఫ్టులను ప్యాక్ చేయించి ఉంచాము. వాటిని చెట్టు క్రింద ఎప్పుడు పెట్టాలి? డిసెంబరు మొదటి తారీకునే పెట్టవచ్చా? 24 రాత్రి పిల్లలు పడుకున్న తరువాత పెట్టాలా? హాలులో పెట్టాలా, లోపల గదిలో పెట్టాలా?" ఇది వాక్య సంబంధమైన ప్రశ్న కాదని కొందరు నవ్వవచ్చును. అయితే ప్రియులారా, మన ఇంటిలో ఒక పొట్లమును ఎక్కడ ఉంచుతామో దానిని బట్టి ఎవరిని తలంచుకున్నామో, ఎవరిని మరచిపోయామో తెలిసిపోతుంది. అందుచేత ఈ ప్రశ్నను నేను తేలికగా తీసుకొనను.

మొదటి సంగతి. ఈ విషయములో క్రైస్తవ లోకమంతటికీ ఒకే ఆచారము లేదు.

నాలుగవ శతాబ్దములో, నేటి టర్కీ దేశములో ఉన్న మూర పట్టణమునకు నికొలాసు అనే బిషప్పు ఉండెను. కట్నము ఇచ్చుకోలేని ఒక తండ్రి ఇంటిలోనికి ఆయన రాత్రివేళ కిటికీ గుండా డబ్బు మూటలు వేసి, ముగ్గురు కుమార్తెల పెండ్లిండ్లు జరిగేలా చేశాడని ఆయనను గూర్చి ఒక కథ చెప్పుకుంటారు. మన పిల్లలు ఎరిగిన క్రిస్మస్ తాత ఈయన పేరు మీదనే పుట్టాడు. ఆయన జ్ఞాపకదినము డిసెంబరు 6. నెదర్లాండ్స్ దేశములో ఆ పండుగకు ముందు సాయంత్రము, అనగా డిసెంబరు 5న, పిల్లలు కానుకలు అందుకుంటారు. అక్కడ కానుక కోసము బూట్లు పెట్టి ఉంచడము అలవాటు. జర్మనీలో డిసెంబరు 24 సాయంత్రము ఇస్తారు. అనేక ఇండ్లలో చెట్టు ఉన్న గది తలుపు మూసి ఉంచి, గంట మ్రోగించిన తరువాతనే పిల్లలను లోపలికి పిలుస్తారు. ఇంగ్లాండు, అమెరికాలలో 25 ఉదయము. స్పెయిను, మెక్సికో దేశములలో జ్ఞానులను జ్ఞాపకము చేసికొనే జనవరి 6 వరకు అనేకమంది పిల్లలు ఎదురుచూస్తారు.

చెట్టు క్రింద కానుకలు పెట్టే అలవాటు కూడా మనము అనుకొన్నంత పాతది కాదు. 1848లో లండనులో ఒక చిత్ర వారపత్రిక విక్టోరియా రాణి కుటుంబము క్రిస్మస్ చెట్టు చుట్టూ నిలిచియున్న బొమ్మను అచ్చువేసింది. అటు తరువాత ఆ చెట్టు ఇంగ్లీషువారి ఇండ్లలో బాగా వ్యాపించింది. రంగురంగుల బొమ్మలు అచ్చువేసిన చుట్టే కాగితమైతే ఇంకా ఈ మధ్యది. 1917లో అమెరికాలోని కాన్సాస్ సిటీలో హాల్ అనే అన్నదమ్ముల దుకాణములో మామూలుగా అమ్మే పలుచని కాగితము అయిపోయినప్పుడు, కవర్ల లోపల అతికించే అలంకారపు కాగితమును అమ్మిచూశారు. అది వెంటనే అమ్ముడుపోయింది. ఆ వ్యాపారము ఆ తరువాత హాల్‌మార్క్ అను పేరుతో ప్రసిద్ధి పొందింది.

కాబట్టి "ఈ తేదీనే పెట్టాలి, ఈ చోటనే పెట్టాలి" అని ఎవరైనా మీకు ధర్మశాస్త్రము వలె చెబితే భయపడకండి. అటువంటి ఆజ్ఞ బైబిలులో లేదు. దేశములు, ఇండ్లు తమ తమ వీలును బట్టి ఏర్పరచుకున్నవే ఇవన్నీ.

రెండవ సంగతి. మన తెలుగు క్రైస్తవ ఇండ్లకు కూడా ఒక ఆచారము ఉన్నది. దానిని మరువకండి.

1842లో హేయర్ దొరగారు గుంటూరు చేరి లూథరన్ మిషను పని ప్రారంభించారు. నెల్లూరు, ఒంగోలులలో అమెరికన్ బాప్టిస్టులు, మెదకులో వెస్లియన్ మెథడిస్టులు పనిచేశారు. ఆ సంఘములలో పెరిగిన మన పెద్దల ఇండ్లలో చెట్టు క్రింద పొట్లాలు ఉండేవి కావు. క్రిస్మస్ కానుక అంటే కొత్త బట్టలే. అవి ట్రంకు పెట్టెలోనో, బీరువాలోనో, అప్పటికింకా టైలరు దగ్గరనో ఉండేవి. 25 తెల్లవారుజామున తలస్నానము చేసి, ఆ బట్టలు కట్టుకొని ఆరాధనకు వెళ్లడమే కానుక విప్పడము. చెట్టు ఉంటే అది గుడిలో ఉండేది. ఒక సరుగుడు కొమ్మను నిలిపి, రంగు కాగితాలు కట్టేవారు. "క్రిస్మస్ ట్రీ" అని ఒక దినము ఏర్పాటు చేసి, ఆదివారపు బడి పిల్లలందరినీ పిలిచి తలకొకటి ఇచ్చేవారు. ఒక పెన్సిలు కావచ్చు, ఒక సబ్బు కావచ్చు, మిఠాయి పొట్లము కావచ్చు. విలువ తక్కువే గాని, ఆ వరుసలో ఎవరి పిల్లవాడూ వట్టి చేతులతో ఇంటికి వెళ్లేవాడు కాదు.

ఇప్పుడు చెట్టు గుడిలోనుండి మన ఫ్లాటు హాలులోనికి వచ్చింది. అందులో పాపము లేదు. అయితే దానితోపాటు "పిల్లలందరికీ" అన్న మాట కూడా మన హాలులోనికి వచ్చిందా? ఇదే నేటి మన ప్రశ్న.

మూడవ సంగతి. దేవుడు తన కానుకను ఎప్పుడు ఉంచాడు, ఎక్కడ ఉంచాడు?

లూకా సువార్త రెండవ అధ్యాయము తీసి చూడండి. లోకమునకు దేవుడు ఇచ్చిన కానుకకు కూడా ఒక చుట్టు ఉన్నది. అది బంగారు రంగు కాగితము కాదు, పొత్తిగుడ్డలు. దానిని ఉంచిన చోటు కూడా చెప్పబడినది. అది పశువుల తొట్టి. సత్రములో స్థలము లేనందున అక్కడ ఉంచవలసి వచ్చిందని లూకా వ్రాస్తున్నాడు. అయితే ఆ చోటే గొల్లలకు గురుతు అయ్యింది. ఆలోచించండి. ఆ శిశువు హేరోదు నగరులో పుట్టి ఉంటే కావలివారు గొల్లలను గుమ్మము దాటనిచ్చేవారా? పశువుల తొట్టి దగ్గరకు వెళ్లడానికి గొల్లవానికి ఎవరి సెలవు కావాలి? అది అతడు ప్రతిదినము చేయి పెట్టే చోటు. దేవుడు తన కానుకను అందరికంటె తక్కువవాని చేతికి అందే ఎత్తులో ఉంచాడు. సమయము కూడా గమనించండి. ఊరంతా చూచిన తరువాత మిగిలినది గొల్లలకు పంపలేదు. ఆ రాత్రే, వారికే మొదట కబురు అందింది.

తరువాత మత్తయి సువార్తలో జ్ఞానులు వచ్చారు. వారు ఇంటిలోనికి వచ్చి సాగిలపడి తమ పెట్టెలు విప్పారు. ఇక్కడ పెట్టెలు విప్పినవారు కానుక పుచ్చుకొన్నవారు కారు, ఇచ్చినవారు. నాకేమి వచ్చిందని వారు చూడలేదు, ఆయనకు ఏమి ఇవ్వగలమని చూశారు.

పాత నిబంధనలో పండుగ కానుకలకు మంచి మాదిరి ఉన్నది. నెహెమ్యా దినములలో ధర్మశాస్త్రము విని ప్రజలు ఏడ్చినప్పుడు, వెళ్లి భోజనము చేసి సంతోషించండి, అయితే తమకొరకు ఏమియు సిద్ధము చేసుకోలేనివారికి భాగములు పంపండి అని పెద్దలు చెప్పారు. ఎస్తేరు గ్రంథము 9:22లో కూడా పండుగ దినమున ఒకరికొకరు పంపుకొనే భాగముల ప్రక్కనే దరిద్రులకు ఇచ్చే కానుకలు చెప్పబడినవి. ఒకటి చేసి రెండవది విడిచిపెట్టమని లేదు.

నాలుగవ సంగతి. మన పుప్పాలగూడ సంగతి.

ఇది గండిపేట మండలములోని పాత ఊరు. నేడు ఫైనాన్షియల్ డిస్ట్రిక్టులో పనిచేసే కుటుంబములు ఎత్తైన టవర్లలో కాపురముంటున్నాయి. ఆ టవర్లు కట్టిన కూలీలు రేకుల షెడ్లలో ఉంటున్నారు. చిన్న అపార్టుమెంటులలో వాచ్‌మన్ కుటుంబము సెల్లారు గదిలో ఉంటుంది. ఆన్‌లైనులో మీరు తెప్పించిన పెట్టె మొదట దిగేది ఆ వాచ్‌మన్ కుర్చీ ప్రక్కనే. దానిని పైకి మోసుకొని వచ్చేది చాలాసార్లు అతడే. మీ పిల్లవాని కంటె ముందు ఆ పెట్టెను అతని పిల్లవాడు చూస్తాడు.

మన సంఘములోని ఒక సహోదరి చెప్పిన సంగతి వినండి. ఆమె డిసెంబరు మొదటి వారములోనే చెట్టు నిలిపి, పొట్లములన్నిటినీ క్రింద పేర్చి, ఒక్కొక్కదానికి పేరు చీటీ అంటించింది. ఇంట్లో పనిచేసే అమ్మ ఆదివారములలో తన చిన్న కూతురిని వెంట తెచ్చుకొనేది. ఆ పాప అప్పుడే చదవడము నేర్చుకొంటున్నది. ఒకనాడు చెట్టు దగ్గర కూర్చొని, కూడబలుక్కుంటూ చీటీలన్నీ చదివి, "అమ్మా, నా పేరు ఎక్కడా లేదే?" అని అడిగింది. తల్లి పాప నోటిమీద చేయి వేసి వంటగదిలోనికి తీసుకొనిపోయింది. ఆ రాత్రి తనకు నిద్రపట్టలేదని మన సహోదరి చెప్పింది. ఆ పాప దొంగిలించలేదు, అల్లరి చేయలేదు, తన పేరు వెదకుకొంది. అంతే.

ఇంకొక మాట. ఇంట్లో పనిచేసే తల్లులలో, కావలి కాసే సహోదరులలో అనేకులు మన విశ్వాసులే. ఆదివారము ఒకే రొట్టెలో పాలుపొందుతాము. కొరింథు సంఘములో ఒకడు ఆకలిగొని యుండగా ఇంకొకడు తన భోజనము తాను ముందుగా చేసినప్పుడు, ఏమియు లేనివారిని మీరు సిగ్గుపరుస్తున్నారని పౌలు గద్దించాడు. పౌలు భోజనమును తప్పుపట్టలేదు, సహోదరుని ఎదుట దానిని తిన్న తీరును తప్పుపట్టాడు.

అయితే ఏమి చేద్దాము? నా సలహాను ఒక్క మాటలో చెబుతాను. ఇంటివారి కానుక ఆలస్యముగా, లోపల. లేనివారి కానుక ముందుగా, వారి గుమ్మములో.

మీ పిల్లల పొట్లములను 25 ఉదయపు ఆరాధన ముగిసేవరకు మన పెద్దల వలె బీరువాలోనే ఉంచండి. అంతవరకు చెట్టు క్రింద పశువుల పాక బొమ్మ ఒక్కటే ఉండనివ్వండి. ఈ పండుగ ఎవరిదో పిల్లలకు అదే చెబుతుంది. ఆరాధననుండి వచ్చి, ప్రార్థన చేసికొని, అప్పుడు ఇవ్వండి. ఎదురుచూచుట వారికి నష్టము కాదు.

ఇతరులకు ఇవ్వవలసినదైతే డిసెంబరు మొదటి పక్షములోనే ఇవ్వండి. 24 రాత్రి చీర ఇస్తే జాకెట్టు ఎప్పుడు కుట్టించుకుంటారు? పిల్లల కొలతలు అడిగి కొనండి. మీరు వాడి విడిచిన దానికి కొత్త కాగితము చుట్టకండి. పైకి పిలిచి ఇవ్వడము కంటె, మీరే క్రిందికి దిగివెళ్లి వారి గదిలో, వారి పిల్లల ఎదుట, ఆ తల్లిదండ్రుల చేతికి ఇవ్వండి. ఆ పిల్లలకు అమ్మ నాన్నల చేతిమీదుగా అందనివ్వండి. ఫోటో తీయకండి. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న ప్రభువు మాట సెల్‌ఫోనుకు కూడా వర్తిస్తుంది.

జీతమును కానుకగా చూపకండి. ద్వితీయోపదేశకాండము 24:15 ప్రకారము కూలి ఏ దినమునకు ఆ దినమే చెల్లించవలసిన అప్పు. పండుగకు సెలవు తీసుకొంటే జీతము కోసి, మరుసటి దినము స్వీట్ బాక్సు ఇవ్వడము దేవుని యెదుట కానుక కాదు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించబడిన మెదకు దేవాలయమును తలంచుకొనండి. కరవు కాలములో పాస్నెట్ దొరగారు ప్రజలకు పని కల్పించి, దాని వలన వారికి తిండి దొరికేలా చేశారని ఇప్పటికీ ఆ ప్రాంతమువారు కృతజ్ఞతతో చెప్పుకొంటారు. పనికి తగిన ప్రతిఫలము మనిషి తల ఎత్తుకొనేలా చేస్తుంది. కానుక దాని తరువాతిది.

ఆదివారపు బడి ఉపాధ్యాయులారా, పండుగ తరువాతి ఆదివారము "నీకేమి గిఫ్టు వచ్చింది?" అని తరగతిలో అడగకండి. "నీవు ఎవరికి ఏమి ఇచ్చావు?" అని అడగండి. ఒక పాట పాడి వినిపించిన పిల్లవాడు, అవ్వకు నీళ్లు తెచ్చి ఇచ్చిన పిల్లవాడు కూడా దానికి జవాబు చెప్పగలడు.

ఇక ఈ సంవత్సరము కొనడానికి ఏమీ లేని తల్లిదండ్రులారా, ఉద్యోగము పోయి ఎవరికీ చెప్పుకోలేక ఉన్నవారలారా, క్రెడిట్ కార్డు గీసి అప్పుతో చెట్టు క్రింద నింపకండి. మీ పిల్లలతో నిజము చెప్పండి. పొత్తిగుడ్డలలో చుట్టబడిన కానుక మీ ఇంటికి కూడా పేరు పెట్టి పంపబడినదని వారితో చెప్పండి. ఆయన తొట్టి దగ్గర చదువబడని పేరు లేదు.

ప్రార్థన చేద్దాము. పరలోకపు తండ్రీ, నీ కుమారుని మాకు అందేచోట ఉంచినందుకు స్తోత్రములు. మా ఇండ్లలో మేము ఉంచే ప్రతి కానుకను నీ కన్నులతో చూచే మనస్సు మాకు దయచేయుము. మా గుమ్మము దాటి వచ్చే ఏ బిడ్డయు చిన్నబోకుండ మమ్మును కాపాడుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.